వాసన మీద వాసన పోయకు

అబ్బాయ్,

బస్టాండులో మరుగుదొడ్ల నిర్వహణ కాంట్రాక్టు నీకు దక్కిందని మీ నాన్న ఫోన్ చేశాడు. చెబుతున్నప్పుడు వాడి గొంతులో ఎక్కడో మొహమాటం వినపడింది. సిగ్గుపడాల్సిన పని కానే కాదని వాడికి అప్పుడే చెప్పాను, నీకు ఇప్పుడు రాస్తున్నాను. 1970లో బీహార్‌లో సులభ్ సంస్థ మొదలుపెట్టిన బిందేశ్వర్ పాఠక్ గారు జీవితమంతా చేసింది ఇదే పని. దేశం ఆయనకి 1991లో పద్మభూషణ్ ఇచ్చింది, పోయాక 2024లో పద్మవిభూషణ్ ఇచ్చింది. హైదరాబాదు బస్సులో అంతదూరం బిగబట్టుకుని కూర్చుని దిగిన షుగరు మనిషికి ముందు కావాల్సింది టీ కాదు, టిఫిను కాదు, నీ తలుపు. ఆ తలుపు నీ చేతికొచ్చింది. బాగా చెయ్యి నాయనా.

మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా నా ఉద్యోగమంతా ఈ గోడల మధ్యే గడిచింది కాబట్టి అడక్కపోయినా నాలుగు మాటలు చెబుతాను. అన్నిటికంటే ముందు మగవాళ్ల వైపు గోడకి వరసగా బిగించిన యూరినల్ బేసిన్ల గురించి చెప్పాలి. లెట్రిన్లు నీళ్లకీ బ్రష్షుకీ లొంగుతాయి. ఇవి అంత తేలిగ్గా లొంగవు. ప్లాట్‌ఫారం మీద బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది వీటివల్లే.

వాసన వస్తోందని ఎవరైనా అనగానే కొత్త కాంట్రాక్టరు ఫినాయిల్ డబ్బాలు దింపుతాడు. అది చాలలేదంటే ప్రతి బేసిన్‌లో గుప్పెడు కలరా ఉండలు పోస్తాడు. అదీ చాలకపోతే గులాబీ రంగు సెంటు బిళ్లలు తగిలిస్తాడు. నువ్వు ఆ దారి పట్టకు. అది మసిపూసి మారేడుకాయ చెయ్యడమే. రెండు గంటలు పోయాక ఫినాయిల్ ఘాటు కిందనుంచి అసలు వాసన మళ్లీ పైకి తన్నుకొస్తుంది, అప్పుడు రెండూ కలిసి మరీ భరించలేకుండా ఉంటాయి. డబ్బు పోతుంది, బేసిన్‌కీ పైపుకీ పట్టిన గార మాత్రం ఎక్కడికీ పోదు. నీతో చెప్పాలనుకున్నది ఈ గార సంగతే. వాసనతో పోట్లాడొద్దు, గారని తియ్యి.

అది ఎలా పుడుతుందో తెలిస్తే నీ పని సగం తేలికవుతుంది. అప్పుడే పోసిన మూత్రానికి పెద్ద వాసనుండదు. అందులో నూటికి 95 పాళ్లు నీళ్లే. మిగిలినదాంట్లో ముఖ్యమైనది యూరియా, లీటరుకి 20 గ్రాముల దాకా ఉంటుంది. పొలంలో చల్లే యూరియా, ఇదీ ఒకటే పదార్థం. బేసిన్‌లో, పైపులో కాపురమున్న బ్యాక్టీరియా దగ్గర యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది యూరియాని అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడుగా విరగ్గొడుతుంది. కళ్లలోంచి నీళ్లు తెప్పించే ఆ ఘాటు అమ్మోనియాదే. ఇది చిన్నాచితకా ఎంజైమ్ అనుకోకు. 1926లో జేమ్స్ సమ్నర్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక రకం చిక్కుడు గింజల నుంచి దీన్ని స్ఫటికాలుగా విడదీశాడు. ప్రపంచంలో అలా స్ఫటికంగా చేతికొచ్చిన మొదటి ఎంజైమ్ ఇదే. ఆ పనికే 1946లో ఆయనకి నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

అమ్మోనియా పుట్టాక కథ ఇంకో మలుపు తిరుగుతుంది. మామూలుగా మూత్రం కాస్త ఆమ్లంగా, పీహెచ్ 6 దగ్గర ఉంటుంది. అమ్మోనియా చేరేకొద్దీ అది క్షారమై 9 దాకా వెళుతుంది. అప్పటిదాకా నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం, ఫాస్ఫేటు ఇక కరిగి ఉండలేవు, గట్టిపడి అంటుకుంటాయి. అలా గట్టిపడ్డవాటిలో ఒకటైన మెగ్నీషియం అమ్మోనియం ఫాస్ఫేటుకి స్ట్రువైట్ అని పేరు. మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ ముదిరినప్పుడు కిడ్నీలో పెరిగే ఒక రకం రాళ్లు కూడా స్ట్రువైటే. మనిషి ఒంట్లో జరిగేది ఒంటి బయట పైపులో జరుగుతోందన్నమాట. పేరుకున్న ఆ పొర పంటి గారలాంటిది. పైకి గట్టిగా కనపడుతుంది, లోపలంతా సందులే. ఆ సందుల్లో బ్యాక్టీరియా హాయిగా బతుకుతుంది. నువ్వు పైన బ్లీచింగ్ చల్లితే పైనున్నవి చస్తాయి, లోపలివి తెల్లారేసరికి మళ్లీ పనిలోకి దిగుతాయి. నిన్న కడిగిన బేసిన్ ఇవాళ పొద్దున్నే కంపు కొట్టేది అందుకే. కడిగిన మనిషిని తిట్టి లాభం లేదు.

దీనికి మన పల్నాడు నీళ్లు తోడవుతాయి. మన నేలంతా సున్నపురాయి. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఊరికే రాలేదు కదా. అదే రాయి కరిగి బోరునీళ్లలోకి వస్తుంది. ఆ నీళ్లతో ఫ్లష్ చేసిన ప్రతిసారీ మూత్రంలో ఉన్న కాల్షియానికి నువ్వు ఇంకాస్త కాల్షియం కలుపుతున్నట్టే. తాగేనీటికి మన దేశ ప్రమాణం ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చు. నీ బోరు ఎక్కడుందో చూసుకోవాలి. గ్రామీణ నీటి సరఫరా (ఆర్‌డబ్ల్యూఎస్) వాళ్ల ల్యాబులో నీళ్లిచ్చి పరీక్ష చేయించు. కాలవ నీళ్లు కానీ, ట్యాంకు మీదనుంచి దిగే వాన నీళ్లు కానీ దొరికే వీలుంటే యూరినల్స్‌కి వాటినే మళ్లించు, బోరు నీళ్లు నేల కడగడానికి వాడు.

ఇప్పుడు ఒక పని చెయ్యి. చేతికి గ్లౌజు వేసుకుని ఏదో ఒక బేసిన్ దగ్గర కూర్చుని అడుగునున్న జాలీని స్క్రూడ్రైవరుతో లేపు. పైనుంచి చూస్తే మెరుస్తూ ఉంటుంది. తిరగేసి చూడు. పసుపూ గోధుమ రంగూ కలిసిన పెచ్చు రంధ్రాల అంచుల చుట్టూ పేరుకుని సగం రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి. అందులో ఇరుక్కున్న గుట్కా కాగితం ముక్క, బీడీ పీక, వెంట్రుకలు. గోరుతో గీకితే రాదు. ముక్క విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంటే మొత్తం గది వాసన ఆ చిన్న ముక్కలో ఉంటుంది. జాలీ కింద పైపు గోడ, దాని కింద బాటిల్ ట్రాప్, అక్కడనుంచి గోడలోకి వెళ్లే వేస్ట్ పైపు, అన్నిటికీ ఇదే పట్టి ఉంటుంది. చూపుడు వేలు పట్టే పైపు చిటికెనవేలు పట్టనంత ఇరుకైపోతుంది. జనం కళ్లకి కనపడే తెల్ల పింగాణీని రోజూ తోమించి, కనపడని ఈ కిందిభాగాన్ని వదిలేసే కాంట్రాక్టర్లని ఎంతోమందిని చూశాను.

గార తియ్యడానికి ఆమ్లం కావాలి. బ్లీచింగ్ క్షారం, గారని కరిగించలేదు. సర్ఫు కరిగించలేదు. బజారులో సీసాల్లో దొరికే టాయిలెట్ క్లీనర్లలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, అవి పనిచేస్తాయి. క్యాన్లలో అమ్మే ఘాటు యాసిడ్ మాత్రం నీ గడప దాటి లోపలికి రానివ్వకు. పొగలు కక్కుతుంది, పనిచేసేవాళ్ల ఊపిరి పాడుచేస్తుంది, స్టీలు జాలీని గుంటలు గుంటలుగా తినేస్తుంది. నా మాట విని నిమ్మ ఉప్పు తెప్పించు, అదీ ఆమ్లమే. కిలోల లెక్కన హోల్‌సేలు కిరాణాలో దొరుకుతుంది. లీటరు గోరువెచ్చటి నీళ్లకి 100 గ్రాములు కలిపితే చాలు. గార బాగా ముదిరిపోయి ఉంటే సల్ఫామిక్ యాసిడ్ పొడి తీసుకో, బాయిలర్లలో గార తీసేవాళ్లు వాడేది అదే.

దీనికి రాత్రి చివరి బస్సు వెళ్లాక సమయం. ముందు నీళ్లు కొట్టి బేసిన్ కడిగించు. తర్వాత ప్లంజరుతో నొక్కి ట్రాప్‌లో నిలిచిన నీళ్లని కిందకి తోసెయ్యాలి. ఈ మెట్టు చాలామంది వదిలేస్తారు. ట్రాప్‌లో నీళ్లుండగా పోస్తే నీ మందు పలచబడి గార మీద పనిచెయ్యదు. ఆ తర్వాత నిమ్మ ఉప్పు నీళ్లు అంచు కింద నుంచి, జాలీ మీద నుంచి నెమ్మదిగా పోసి అలా వదిలెయ్. బుడగలు వస్తాయి. అరగంట కదిలించొద్దు. పోసి వెంటనే ఫ్లష్ కొట్టేస్తే డబ్బుని డ్రైనేజీలో పోసినట్టే. అరగంట తర్వాత ప్లాస్టిక్ బ్రష్షుతో తోమి, మళ్లీ ఒకసారి పోసి వదిలి, ఆఖరున బాగా నీళ్లు కొట్టించు. ఇనప పీచు మాత్రం ముట్టుకోనివ్వకు. పింగాణీ మీద మెరుపు పొరకి గీతలు పడితే ఆ గీతల్లోనే కొత్త గార పట్టు దొరకబుచ్చుకుంటుంది. ఏళ్ల తరబడి పేరుకున్నది ఒక్క రాత్రిలో పోదు, వరసగా కొన్ని రాత్రులు చెయ్యాల్సి వస్తుంది. ఓపిక పట్టు.

బాటిల్ ట్రాపులు మరలు తిప్పితే ఊడివస్తాయి. అదనంగా రెండు మూడు కొని పెట్టుకో. వారానికి కొన్ని చొప్పున ఊడదీసి కొత్తవి బిగించి, పాతవాటిని మూతున్న బకెట్లో నిమ్మ ఉప్పు నీళ్లలో రాత్రంతా నానబెట్టు. పొద్దున్నకి శుభ్రమవుతాయి, మళ్లీ వంతుకి పనికొస్తాయి. గోడలో పైపు పూర్తిగా పూడుకుపోయి ఉంటే దాంతో కుస్తీ పట్టకు, కోయించి కొత్త పీవీసీ వేయించు. రిపేర్లు చేయిస్తూ పోతే ఖర్చు తడిసి మోపెడవుతుంది. కొత్త పైపు వేసేటప్పుడు పొడవు తగ్గించి, వాలు సరిగ్గా ఇచ్చి, మూత తీసి శుభ్రం చేసుకునే వీలు పెట్టమను. నీళ్లు నిలిచిన ప్రతి చోటా గార కడుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతున్నా, దీన్ని మీ వాళ్లందరి చేతా అప్పజెప్పించు. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు ఎప్పుడూ ఒకచోట కలవకూడదు. కలిస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది మనిషి ప్రాణాలు తియ్యగలదు. మూత్రం నిలిచి ఉన్నచోట బ్లీచింగ్ చల్లినా అమ్మోనియాతో కలిసి ఊపిరాడనివ్వని వాయువులు వస్తాయి. ఇవాళ యాసిడ్ వాడితే బ్లీచింగ్ రేపు, మధ్యలో ధారాళంగా నీళ్లు. రెండు డబ్బాలూ ఒకే అరలో పెట్టనివ్వకు. నీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో యాసిడ్ పోసి పెట్టే అలవాటు ఉంటే ఈ రోజే మాన్పించు.

ఇంకో సంగతి మన బస్టాండుకే ప్రత్యేకం. పాత భాగంలో యూరినల్స్ మధ్య అడ్డంగా నిలబెట్టినవి కడప రాళ్లు. ఆ నల్లరాయి కూడా సున్నపురాయే. యాసిడ్ తగిలిందంటే అదీ బుసబుస పొంగుతుంది, కరిగి గరుకెక్కుతుంది. గరుకెక్కిన రాయి మూత్రాన్ని పీల్చుకుని ఇక ఎప్పటికీ వదలదు. తాండూరు రాయి, బేతంచెర్ల రాయి కూడా అంతే. ఇళ్లలో నాపరాళ్లు యాసిడ్‌తో కడిగి పాడుచేసుకున్నవాళ్లు మన బంధువుల్లోనే ఉన్నారు. రాయి ఉన్నచోట సబ్బునీళ్లు, గట్టి బ్రష్షు వాడు, ఆరాక సీలర్ పూయించు. వీలైతే డిపో వాళ్లకి అర్జీ పెట్టి ఆ రాళ్ల మీద టైల్స్ వేయించుకో, సందుల్లో తెల్ల సిమెంటు బదులు ఎపాక్సీ నింపమను. సిమెంటు కూడా మూత్రాన్ని తాగుతుంది, యాసిడ్‌కి అరుగుతుంది.

బేసిన్లన్నీ అద్దంలా ఉన్నా వాసన తగ్గలేదంటే నేల వైపు చూడు. చిమ్మిన చుక్కలు బేసిన్ కింద, పక్క గోడ మీద, అడుగుపెట్టే చోట పడి ఆరిపోతుంటాయి. మామూలు వెలుతురులో కనపడవు. దొంగనోట్లు చూసే చిన్న అల్ట్రావయొలెట్ టార్చి ఒకటి కొను. రాత్రి లైట్లార్పి గోడ మీద వేస్తే ఆరిన మూత్రం మరకలు పచ్చగా వెలుగుతాయి. నువ్వు కడిగించాననుకున్న చోట్లలో ఎన్ని మిగిలాయో అప్పుడు తెలుస్తుంది. ఆ టార్చి పనివాళ్ల మీద తప్పులు వెతకడానికి కాదు, వాళ్లకే ఇచ్చి వాళ్లనే చూసుకోమను. చిమ్మడం తగ్గించడానికి ఆమ్‌స్టర్‌డామ్ షిపోల్ విమానాశ్రయంలో 1990ల్లో బేసిన్ లోపల ఈగ బొమ్మ ముద్రించారు. మగవాడికి గురి దొరికితే చాలు, దానిమీదకే పోస్తాడు. జాలీకి కాస్త పైన, నడిమధ్యన కాకుండా పక్కకి ఒక చిన్న స్టిక్కరు అంటించి చూడు, పోయేదేముంది.

నేల మీది నహానీ ట్రాప్ సంగతి మరిచిపోకు. అందులో నిలిచిన రెండంగుళాల నీళ్లే డ్రైనేజీ గాలిని ఆపేది. మన ఎండాకాలంలో వాడకం తక్కువున్న మూలన అది ఎండిపోతుంది, ఇక లోపలి కంపంతా గదిలోకే. రోజుకో చెంబు నీళ్లు పోయిస్తే సరి. అమ్మోనియా గాలికంటే తేలిక, పైకి లేస్తుంది. అందుకని ఎగ్జాస్ట్ ఫ్యాను కప్పుకి దగ్గరగా ఉండాలి, తలుపు కిందనుంచి గాలి లోపలికి రావాలి. ఫ్యాను రాత్రి కూడా తిరగనియ్, ఆ కరెంటు బిల్లుకి వెనకాడకు.

త్వరలోనే నీ దగ్గరికి అమ్మకాలవాళ్లు వస్తారు, నీళ్లక్కర్లేని యూరినల్ అంటూ. అది మోసమేమీ కాదు. ఐఐటీ ఢిల్లీలో విజయరాఘవన్ చారియార్ గారి బృందం మన దేశంలోనే అలాంటి పరికరం తయారుచేసింది. ఉప్పునీళ్ల ఊళ్లకి దానివల్ల మేలే, నీళ్లతో వచ్చే కాల్షియం ఉండదు, నీళ్ల ఖర్చూ ఉండదు. కానీ రోజూ తుడిచి, లోపలి భాగాన్ని చెప్పిన గడువుకి విప్పి కడగకపోతే మామూలు వాటికంటే ఘోరంగా తయారవుతుంది. నాలుగు బిగించి ఆరు నెలలు చూసుకో, అప్పుడు నిర్ణయించుకో. ఎంజైమ్ ద్రవాలు, మంచి బ్యాక్టీరియా ద్రవాలు కూడా చూపిస్తారు. బాగానే పనిచేస్తాయి, అయితే గార తీశాకే, పైగా అవి వాడే చోట ఫినాయిల్, బ్లీచింగ్ పడకూడదు, పడితే ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. రోజూ చివర్న పలచటి నిమ్మ ఉప్పు నీళ్లు స్ప్రే చేయించడం నాకు వీటన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. రాత్రంతా బేసిన్ ఆమ్లంగా ఉంటే అమ్మోనియా గాలిలోకి లేవదు, గార కట్టదు.

లోపల కంపు కొడితే జనం బయట ప్రహరీ గోడకి పోతారు, అప్పుడు ఎవరో ఒకరు గోడకి దేవుళ్ల పటాలున్న టైల్స్ అంటిద్దామంటారు. ఒప్పుకోకు. ఆ పటాలకి పట్టాల్సిన గతి కాదు అది. మరొకటి, మగవాళ్లకి యూరినల్ ఉచితం, ఆడవాళ్లు మాత్రం వచ్చిన ప్రతిసారీ డబ్బులివ్వాలి, ఈ లెక్క నాకు ఏనాడూ మింగుడుపడలేదు. కాంట్రాక్టులో నీకు ఆ వెసులుబాటు ఉంటే ఆడవాళ్లకీ మాఫీ చెయ్యి.

ఇదంతా చేసే చేతులు నీవి కావు, తెల్లవారుజామున చీపురు పట్టే ఆ అమ్మలవి, ఆ తమ్ముళ్లవి. వాళ్లకి మోచేతుల దాకా వచ్చే గ్లౌజులు, బూట్లు, కళ్లద్దాలు నీ జేబులోంచి కొనివ్వు, చిరిగితే మళ్లీ కొను. జీతం ఒకటో తారీఖు దాటనివ్వకు. పేరుతో పిలువు, పెద్దవాళ్లయితే అమ్మా, అన్నా అను. సెప్టిక్ ట్యాంకు నిండిందంటే సక్కర్ మెషీన్ పిలిపించు, ఎంత ఆలస్యమైనా సరే మనిషిని మాత్రం అందులోకి దింపొద్దు. రక్షణ లేకుండా దింపడం 2013 చట్టం కింద నేరం. కోలార్ బంగారు గనుల దగ్గర పుట్టిన బెజవాడ విల్సన్ గారు మనుషుల చేత మలం ఎత్తించే పని పోవాలని ఏళ్ల తరబడి పోరాడితే 2016లో ఆయనకి మెగసెసే అవార్డు వచ్చింది, అయినా గుంటల్లో చావులు ఆగలేదు. మన ఇంటి పేరు మీద అలాంటిది జరగకూడదు.

బోరు నీళ్ల రిపోర్టు రాగానే ఫొటో తీసి నాకు పంపు. కాఠిన్యం అంకె చూసి నిమ్మ ఉప్పు పెద్ద మోతాదు ఎన్నాళ్లకోసారి పెట్టాలో చెబుతాను. దానితోపాటు జాలీ తిరగేసిన ఫొటో కూడా పంపు, ఎడమ చివరి బేసిన్‌ది. పైపు వాలు తప్పిందేమోనని నాకు ఆ చివరి దాని మీదే అనుమానం.

మీ పెదనాన్న